బడి మానిన పిల్లల లెక్క ఎక్కడ తప్పుతోంది?

కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ 2024–25 నివేదిక ప్రకారం మన దేశంలో తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల మధ్య చదువు మానేస్తున్నవాళ్లు నూటికి 8.2 మంది. అంతకు ముందు ఏడాది 10.9 మంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 5.2 ఉన్నది 3.5కు, మూడు నుంచి ఐదు తరగతుల్లో 3.7 ఉన్నది 2.3కు దిగింది. సంతోషించాల్సిన సంగతే. కానీ ఇవి ఒక్క ఏడాదికి సంబంధించిన శాతాలు. ఏడాదికి ఇంతమంది చొప్పున, ఏటా పోతూనే ఉంటారు.

కాగితం మీద పెట్టి చూద్దాం. మూడో తరగతిలో 100 మంది పిల్లలున్నారనుకుందాం. ఏటా 2.3 శాతం చొప్పున తగ్గితే ఆరో తరగతికి చేరేది 93 మంది. అక్కణ్నుంచి ఏటా 3.5 శాతం చొప్పున తగ్గితే తొమ్మిదికి వచ్చేది 84 మంది. ఆపైన ఏటా 8.2 శాతం చొప్పున తగ్గితే ఇంటర్ రెండో సంవత్సరంలో అడుగుపెట్టేది 65 మంది. మొదటి ఆరేళ్లలో పోయింది 16 మంది, చివరి మూడేళ్లలోనే 19 మంది. పైకి 8.2గా కనిపించిన అంకె మూడేళ్లు గడిచేసరికి ఇంత పని చేస్తుంది. అదే నివేదిక ఇచ్చిన నిలుపుదల రేటు ఇంకా కఠినంగా ఉంది. సెకండరీ స్థాయి దాకా బడిలో నిలిచినవాళ్లు నూటికి 47.2 మందే.

మన రాష్ట్రం సంగతికి 2021–22 లెక్కలు చూద్దాం. అప్పటి పద్ధతిలో తొమ్మిది, పది తరగతులను కలిపి లెక్కగట్టేవారు. దేశం సగటు 12.6 శాతం ఉంటే తెలంగాణలో 13.7. తమిళనాడులో 4.5. మనకు ఐఐటీ కోచింగులున్నాయి, పేరుమోసిన కార్పొరేట్ కాలేజీలున్నాయి, వెయ్యికి పైగా గురుకులాలున్నాయి. అయినా పదో తరగతి లోపల బడి మానేసే పిల్లల విషయంలో ఆ లెక్కల నాటికి దేశం సగటు కన్నా వెనకబడే ఉన్నాం.

ఇక్కడ ఒక చట్టం సంగతి గుర్తు చేసుకోవాలి. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా, అంటే ఎనిమిదో తరగతి దాకా చదువు పిల్లల హక్కు అంది. ఆ చట్టం వచ్చాక ఎనిమిదిలోపు బడి మానడం బాగా తగ్గింది. ఎనిమిది దాటగానే హక్కు అయిపోయింది, పెద్ద అంకె అక్కడే మొదలైంది. చట్టం పిల్లల చెయ్యి వదిలేసే వయసూ, పిల్లలు బడి వదిలేసే వయసూ ఒక్కటే కావడం కాకతాళీయం అని నేననుకోను.

ఇప్పుడు మా వైపు వద్దాం. నిజామాబాద్‌లోని కంఠేశ్వర్ నుంచి బోధన్‌కు పాతిక కిలోమీటర్ల పైచిలుకు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో ఈ నేల చెరుకు నేల అయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. పసుపుకు నిజామాబాద్ మార్కెట్ యార్డు పేరు దేశమంతా తెలుసు, 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు కూడా ఇక్కడే ప్రారంభమైంది. నీళ్లున్న జిల్లా, పంటలున్న జిల్లా. అలాంటి ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో 2011 జనాభా లెక్కల నాటికి అక్షరాస్యత 61.25 శాతం. మగవాళ్లలో 71.47, ఆడవాళ్లలో 51.54. అంటే ఆడవాళ్లలో దాదాపు సగం మందికి చదవడం రాయడం రాదు. ఇవాళ తొమ్మిదో తరగతి చదివే పిల్లల తల్లులు, నాయనమ్మలు ఆ లెక్కలోని మనుషులే. పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు మీద ఎందరి ఇళ్లలో వేలిముద్ర పడుతుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

ఆ లెక్కల్లోనే ఇంకో అంకె ఉంది. వెయ్యి మంది మగవాళ్లకు జిల్లాలో 1,040 మంది ఆడవాళ్లు. ఆడపిల్లల్ని బతకనిచ్చే జిల్లా అని సంతోషపడాలి. దాంతోపాటు మగవాళ్లు ఊళ్లో లేరన్న సంగతీ అందులో ఉంది. వాళ్లు దుబాయిలో, మస్కట్‌లో, రియాద్‌లో ఉన్నారు. ఇంట్లో మిగిలింది తల్లి, పిల్లలు, బీడీల చాట.

ఎందుకు మానేస్తున్నారు అని అడిగితే దేశమంతటా వచ్చే జవాబులు ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉన్నాయి. 2019–21లో చేసిన సర్వే అది. ఆరు నుంచి పదిహేడేళ్ల మధ్య బడి మానినవాళ్లలో మగపిల్లల్లో 35.7 శాతం, ఆడపిల్లల్లో 21.4 శాతం విషయంలో వచ్చిన జవాబు "చదువు మీద ఆసక్తి లేదు". ఖర్చు భరించలేక అన్నది మగపిల్లల్లో 16 శాతం, ఆడపిల్లల్లో 20 శాతం. ఇంటి పని కోసం మానేసినవాళ్లు ఆడపిల్లల్లో నూటికి 13, మగపిల్లల్లో 10. పెళ్లి వల్ల మానేసిన ఆడపిల్లలు నూటికి 7.

అందరి నోటా వినిపించే "ఆసక్తి లేదు" అన్న మాటను నేను నమ్మను. పిల్లలు అబద్ధం చెప్పారని కాదు. ఆ గడిలో ఎన్నో సంగతులు దాక్కున్నాయి. 2023లో అసర్ సంస్థ పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల్ని పరీక్షించింది. నాలుగోవంతు మంది తమ సొంత భాషలో రెండో తరగతి పాఠం తడబడకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క చేయగలిగినవాళ్లు 43.3 శాతం. రెండో తరగతి పాఠం చదవలేని పిల్లవాణ్ని తొమ్మిదో తరగతి ఫిజికల్ సైన్స్ పీరియడ్‌లో కూర్చోబెడితే రోజుకు ఏడు పీరియడ్లు వాడికి నరకం. ఆ పైన 2022–23 నుంచి ప్రభుత్వ బడులు ఇంగ్లిష్ మీడియం వైపు తిరిగాయి. తల్లిదండ్రులు కోరుకున్న మార్పే అది, దాన్ని తప్పుపట్టను. కానీ తెలుగులోనో ఉర్దూలోనో చదవడం గట్టిపడని పిల్లలకు మరో భాషలో పాఠం మొదలైంది. ఒక పక్కన తెలుగు, ఇంకో పక్కన ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలిచ్చారు. రెండు పక్కలా చదవలేని పిల్లల సంగతి ఎవరికీ పట్టలేదు. వాళ్లను ఆసక్తి లేనివాళ్లు అంటే ఎలా?

ఇంకొన్ని కారణాలు మా నేలకే చెందినవి. బీడీలు చుట్టే ఇంట్లోకి సాయంత్రం అడుగుపెడితే అన్నీ కళ్లకు కనబడతాయి. తునికాకు నానబెట్టి ఉంటుంది. కొలత రేకు పెట్టి కత్తెరతో ఆకు కోయాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. కంపెనీ లెక్క వెయ్యి బీడీల చొప్పున ఉంటుంది. ఒక్క మనిషి రోజంతా కూర్చున్నా వెయ్యి పూర్తి చేయడం కష్టం. అందుకే పిల్లలు చాట దగ్గరికి వస్తారు. ముందు మూతులు మడుస్తారు, అది ఆటలా ఉంటుంది. తర్వాత ఆకు కోస్తారు. ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చేసరికి అమ్మాయి అమ్మతో సమానంగా చుట్టేస్తుంది. అప్పుడు ఆ ఇంటి రోజువారీ లెక్కలో ఆమె చేతులు కలిసిపోతాయి. ఆమె బడికి పోతే ఆ రోజు బీడీలు తక్కువ పడతాయి, తక్కువ పడితే కూలీ తగ్గుతుంది. ఎవరూ ఆ అమ్మాయిని బడి మానమని చెప్పరు. ఇవాళ ఒక్కరోజు ఉండు బిడ్డా అంటారు.

బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది. తొమ్మిది, పది తరగతులకు ఏడాదికి 2,000 రూపాయలు, ఇంటర్‌కు 3,000. పది నెలల బడి లెక్కన తొమ్మిదో తరగతి అమ్మాయికి నెలకు 200. రోజుకు పది రూపాయలు కూడా పడదు. దాని కోసం ఆధార్, బ్యాంకు ఖాతా, ఆదాయం సర్టిఫికెట్, బీడీ కార్డు, ఆన్‌లైన్ దరఖాస్తు. అమ్మాయి చుట్టే బీడీలకు వచ్చే కూలీతో ఈ సొమ్ము పోటీ పడలేదు. ఇది లేకపోతే మేలన్నది నా మాట కాదు, ఈ మొత్తం పెరగాలన్నది నా మాట.

పసుపు సంగతి వేరు. తొమ్మిది నెలల పంట అది. తవ్వడం, ఏరడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం అన్నీ జనవరి నుంచి మార్చి దాకా ఒక్కసారే మీద పడతాయి. చెరుకు నరికే కాలమూ అదే. పదో తరగతికి స్పెషల్ క్లాసులు, ప్రీ ఫైనల్స్, మార్చిలో పబ్లిక్ పరీక్షలు కూడా ఆ రోజుల్లోనే. ఏ ఊరి బడిలోనైనా తొమ్మిదో తరగతి హాజరు పట్టీ తెరిచి జనవరి పేజీ చూడండి. సంక్రాంతి సెలవుల తర్వాత కొన్ని పేర్ల ఎదురుగా ఎర్ర సిరాతో 'ఏ' మీద 'ఏ' పడుతూ పోతుంది. ఫిబ్రవరిలో రెండు మూడు రోజులు హాజరు, మళ్లీ వరసగా గైర్హాజరు. ఏప్రిల్‌లో పరీక్ష రాసినా రాయకపోయినా జూన్‌లో పైతరగతి పట్టీలోకి పేరు ఎక్కుతుంది, మనిషి రాడు. లెక్కల్లో ఆ పిల్లవాడు బడి మానింది జూన్‌లో. నిజానికి మానింది జనవరిలో.

అసలు తప్పు ఇక్కడే జరుగుతోంది. మానేసిన పిల్లల్ని లెక్కబెడుతున్నాం, మానేస్తున్న పిల్లల్ని లెక్కబెట్టడం లేదు. యూడైస్ పోర్టల్లో ఇప్పుడు ప్రతి పిల్లకూ ఒక శాశ్వత సంఖ్య ఉంది. ఒక బడి నుంచి వెళ్లి ఇంకో బడిలో తేలని పేర్లు 'డ్రాప్‌బాక్స్'లో పడతాయి. ఆ డ్రాప్‌బాక్స్ ఖాళీ చేయమని హెడ్మాస్టర్ల మీద ఒత్తిడి ఉంటుంది. ఫోన్లు చేస్తారు, ఎక్కడ చదువుతున్నాడో కనుక్కుంటారు. మంచి ఏర్పాటే, కానీ పిల్లవాడు డ్రాప్‌బాక్స్‌లో కనిపించే వేళకు వాడు మెకానిక్ షెడ్డులో ఆర్నెల్లు పనిచేసి ఉంటాడు. చేతిలో సొంత డబ్బు ఆడుతుంది. తన వయసువాళ్లు ఒక తరగతి ముందుకు పోయి ఉంటారు. అప్పుడు వెనక్కి తేవడం పదింతలు కష్టం.

అమెరికాలోని షికాగో నగరంలో ఎవరు మానేయబోతున్నారో ముందే ఎలా పసిగట్టాలి అని ప్రశ్న వేసుకున్న పరిశోధకులు 2005లో ఒక సంగతి చూపించారు. తొమ్మిదో తరగతి ముగిసేసరికి సరిపడా సబ్జెక్టులు గట్టెక్కి దారిలో ఉన్న పిల్లలకు, దారి తప్పిన పిల్లల కన్నా హైస్కూలు పూర్తి చేసే అవకాశం మూడున్నర రెట్లు ఎక్కువ. ఇంటి ఆదాయం, అంతకు ముందు వచ్చిన మార్కులు చెప్పినదాని కన్నా ఈ ఒక్క సూచికే ఎక్కువ చెప్పింది. షికాగో బడులకూ బోధన్ బడులకూ పోలిక లేదు. కానీ తొమ్మిదో తరగతి దగ్గర చూడాలన్న పాఠం మనకూ సరిపోతుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో బడి రోజుల్లో పదోవంతు పోగొట్టుకున్న పిల్లను ప్రమాదంలో ఉన్నట్టు లెక్కిస్తారు. మన చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలంది. అందులో పదోవంతు 22. అంటే నెలకు రెండు రోజుల పైచిలుకు మానితే చాలు, గీత మీదికి వచ్చినట్టే. వారానికి ఒకరోజు అంగడి కోసమో చెల్లెల్ని చూసుకోవడానికో ఇంటి దగ్గర ఉండిపోయే పిల్ల దసరా సెలవులయ్యేలోపే సగం దూరం పోయి ఉంటుంది. ఆ పేరు పట్టీలో అందరి కళ్లెదుటే ఉంది. చూసే పని ఎవరిదో మాత్రం రాసి లేదు.

మగపిల్లల్లో బాగా వినబడే మాట వేరు. "పది పాసైతేంది, కాకపోతేంది, పోయేది దుబాయికే గదా." తండ్రి అక్కడే ఉన్నాడు, అన్న అక్కడే ఉన్నాడు. పద్దెనిమిది నిండగానే పాస్‌పోర్టు, వీసా, విమానం. ఈ మాటకు అంకెతోనే జవాబు చెప్పాలి. పదో తరగతి పాస్ కానివాళ్లకు ఇచ్చే పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ కిందికి వస్తుంది. అంటే గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. పదో తరగతి సర్టిఫికెట్ చూపిస్తే ఆ అడ్డు ఉండదు. నిజానికి ఆ అనుమతి పెట్టింది కార్మికుణ్ని కాపాడటానికే, కాంట్రాక్టు చూస్తారు, 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా ఉండాలంటారు. కానీ ఏజెంట్లు ఆ తంతు తప్పించడానికి విజిట్ వీసా మీద పంపేస్తారు. అలా పోయినవాడికి కాంట్రాక్టూ ఉండదు, బీమా కూడా ఉండదు. పట్టుబడితే జైలు. పది తప్పి దుబాయి పోయే పిల్లవాడు ఎక్కువగా ఈ దొడ్డిదారినే పోతాడు. పది పాసై, ఐటీఐలో ఎలక్ట్రీషియనో ఫిట్టరో చేసి పోయినవాడికి అక్కడ చేతిపనికి తగ్గ జీతం అడిగే హక్కు ఉంటుంది, కాంట్రాక్టు కాగితం మీద ఏముందో చదువుకోగలడు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇప్పుడు 5 లక్షలు ఇస్తోంది. ఆ సాయం అవసరమే. ఆ అవసరం తగ్గించే పని మాత్రం తొమ్మిదో తరగతిలోనే మొదలవ్వాలి.

చెరుకు నేల పిల్లలకు ఒకప్పుడు చదువు ఎక్కడికి తీసుకుపోతుందో కళ్లముందు కనబడేది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఐటీఐ చదివినవాడికి, డిప్లొమా చదివినవాడికి, లెక్కలు రాయగలిగినవాడికి వేర్వేరు కొలువులుండేవి. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ నోటీసు అంటించి తాళం వేశారు. బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు కూడా మూతపడ్డాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. వాళ్లు చూస్తూ పెరిగింది తుప్పు పట్టిన గేటును. చదువుకుంటే ఏమొస్తుంది అని ఆ పిల్లవాడు అడిగితే వేలెత్తి చూపించడానికి ఊళ్లో ఒక చోటు ఉండాలి. పరిశ్రమ మూతపడ్డప్పుడు జీతాలు పోయిన కార్మికుల సంఖ్య పత్రికల్లో వస్తుంది. దాని వెంట బడి మీద నమ్మకం పోయిన పిల్లల సంఖ్య ఎవరూ రాయరు.

పది గట్టెక్కినవాళ్ల సంగతీ చూడాలి. 2025లో రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 92.78 శాతం. అదే ఏడాది ఇంటర్ మొదటి సంవత్సరం ఉత్తీర్ణత 66.89. అమ్మాయిలు 73.83, అబ్బాయిలు 57.83. నూటికి 93 మందిని పాస్ చేయించి పంపాం, వాళ్ల కన్నా ఏడాది ముందు పంపినవాళ్లేమో ఇంటర్లో మూడోవంతు తప్పారు, అబ్బాయిల్లో నూటికి 42 మంది. పదో తరగతి దాకా హెడ్మాస్టర్ ఉంటాడు, స్పెషల్ క్లాసులుంటాయి, ఫోన్ చేసి నిద్రలేపే సార్లు ఉంటారు. జూన్‌లో పిల్లవాడు వేరే ఆవరణలోకి, వేరే బోర్డు కిందికి పోతాడు. పాత బడికి బాధ్యత తీరిపోయింది, కొత్త కాలేజీకి వాడెవడో తెలియదు. చేరాడా లేదా అని కూడా ఎవరూ చూడరు. ఫస్టియర్లో రెండు సబ్జెక్టులు పోయి, సప్లిమెంటరీలో ఒకటి పోయి, అక్కడితో చదువు ఆగిపోయిన అబ్బాయిలు కంఠేశ్వర్ చుట్టుపక్కల సెల్‌ఫోన్ షాపుల్లో, హోటళ్లలో, రైస్ మిల్లు ట్రాక్టర్ల మీద కనబడతారు. బడి మానిన పిల్లల జాబితాలో వాళ్ల పేర్లుండవు.

కస్తూర్బా బాలికా విద్యాలయాలు ఈ గండాన్ని దాటించే దారి చూపించాయి. 2004లో మొదలైనప్పుడు అవి ఎనిమిదో తరగతి దాకానే. బడి మానిన ఆడపిల్లల కోసమే పెట్టినవి. 2018 నుంచి ఇంటర్ దాకా పెంచడానికి వీలు కలిగింది. పెంచిన చోట అమ్మాయి అదే హాస్టల్లో, అదే మేడమ్‌ల దగ్గర, ఆవరణ మారకుండా ఇంటర్ పూర్తి చేస్తోంది. ఎనిమిది దాటాక జారిపోయే పిల్లల్ని పట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన ఉపాయం నాకు తెలియదు. హాస్టళ్లలో ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లల భోజనానికి 2024 చివర్లో నెలకు 1,100 నుంచి 1,540 రూపాయలకు పెంచారు. రోజుకు 51 రూపాయలు, మూడు పూటలు. ఇంకా పెరగాలి.

ఆడపిల్లల విషయంలో డబ్బు ఎక్కడ పెడుతున్నామో కూడా ఆలోచించాలి. తెలంగాణలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద ఇప్పుడు ఇచ్చేది 1,00,116 రూపాయలు. పద్దెనిమిది నిండాలన్న షరతు ఉంది, అది మంచి షరతు. చదువు గురించి షరతు ఏమీ లేదు. పశ్చిమ బెంగాల్‌లో 2013లో మొదలైన కన్యాశ్రీ పథకం పెళ్లి చేసుకోకుండా చదువుతున్న అమ్మాయికి పద్దెనిమిదేళ్లకు 25,000 ఇస్తుంది. ఆలోచన మనకన్నా మెరుగు. అయినా బెంగాల్‌లో బాల్యవివాహాలు నాలుగో సర్వేలో 41.6 శాతం, ఐదో సర్వేలోనూ 41.6 శాతమే. ఖాతాలో డబ్బు పడితే చాలదని దీన్నిబట్టి తెలుస్తోంది. కాలేజీ దూరంగా ఉంటే, దారిలో భయం ఉంటే, పాఠం అర్థం కాకపోతే ఆ సొమ్ము ఎవరినీ ఆపలేదు.

దూరం సంగతి బీహార్ బాగా నిరూపించింది. 2006లో అక్కడ తొమ్మిదో తరగతిలో చేరిన అమ్మాయిలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బిచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ లెక్కగడితే, హైస్కూల్లో ఆ వయసు అమ్మాయిల చేరికలు 32 శాతం పెరిగాయి, అబ్బాయిలతో ఉన్న తేడా 40 శాతం తగ్గింది. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువ లాభం కనబడింది. మనకు 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉంది. ఇది ఎందరో అమ్మాయిలకు కాలేజీ దారి తెరవగలదు. కాలేజీ వేళకు బస్సు వచ్చే ఊళ్లకే అది అందుతుంది. పొద్దున తొమ్మిదికి బస్సు రాని తండాకు ఉచితం ఉన్నా ఒక్కటే, లేకపోయినా ఒక్కటే. డిపో మేనేజర్లు, ఎంఈవోలు ఒక్కచోట కూర్చుని ఏ ఊరి నుంచి ఎందరు పిల్లలు ఏ వేళకు రావాలో చూసుకుంటే ఖర్చు లేకుండా తీరే సమస్య ఇది.

పిల్లల్ని వెనక్కి తెచ్చే విద్య మన తెలుగు నేల మీదే పుట్టింది. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి చేసిన పని అది. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్లు పెట్టుకున్న సూత్రం. పొలంలో ఉన్నా, ఇంట్లో చెల్లెల్ని ఎత్తుకుని ఉన్నా ఒకటే లెక్క. ఊళ్లో చదువుకున్న యువకులు ఇల్లిల్లూ తిరిగి మాట్లాడేవారు, పనిలో పెట్టుకున్న రైతుతోనూ మాట్లాడేవారు. వెనక్కి వచ్చిన పిల్లలను నేరుగా తరగతిలోకి తోయకుండా బ్రిడ్జి కోర్సు శిబిరంలో నెలల తరబడి ఉంచి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి పంపేవారు. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ అనుభవం తేల్చిన సంగతి ఏమిటంటే, పేద తల్లిదండ్రులకు చదువు మీద కోరిక లేక కాదు. పిల్లను పంపితే బడి తనను నిలబెట్టుకుంటుందన్న భరోసా వాళ్లకు లేదు. ఆ భరోసా ఎవరైనా ఇంటి గడప దాకా వచ్చి ఇస్తే కష్టం మీదైనా పంపారు.

ఇన్ని అంకెలు చూశాక నా అభిప్రాయం ఇది. విద్యాహక్కును పద్దెనిమిదేళ్ల దాకా పెంచాలి. అది ఢిల్లీలో జరగాల్సిన పని, ఎప్పుడు జరుగుతుందో మన చేతుల్లో లేదు. అంతదాకా జిల్లాలోనే చేయగలిగింది ఒకటుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో నెలకు మూడు రోజులకు మించి రాని ప్రతి పేరూ ఆ నెలాఖరునే గ్రామ పంచాయతీకి, మున్సిపల్ వార్డుకు చేరాలి, వారం లోపల ఒక మనిషి ఆ ఇంటికి పోవాలి. పది పాసైన ప్రతి పిల్లవాడు ఏ కాలేజీలో, ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో చేరాడో ఆగస్టు లోపల పాత బడి హెడ్మాస్టరే కనుక్కోవాలి. పిల్లల్ని బడిలో చేర్చడానికి ఏటా జూన్‌లో బడిబాట చేస్తాం, బ్యానర్లు కడతాం. మా వైపు పిల్లలకు బడిబాట జనవరిలో కావాలి.

చదివేవాళ్లలో కొందరి వీధిలో, కొందరి దుకాణంలో అలాంటి పిల్లలు ఉండే ఉంటారు. వాళ్లకు చెప్పవలసినవి చట్టంలోనే ఉన్నాయి. టీసీ రాలేదని, వయసు ధ్రువపత్రం లేదని ఎనిమిదో తరగతి దాకా ఏ బడీ చేర్చుకోనని అనకూడదు. మధ్యలో మానిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడ్డ పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి, పద్నాలుగు దాటినా ఎనిమిది పూర్తయ్యేదాకా ఉచితంగా చదివించాలి. పద్నాలుగు నిండినవాళ్లు తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాయవచ్చు, పదిహేను నిండి పది పాసైతే ఇంటర్ కూడా. పనిలో చిక్కుకున్న పిల్ల కనబడితే 1098కు ఫోన్ చేయండి. అన్నిటికన్నా ముందు, వరసగా మూడు రోజులు బడికి పోని పిల్ల మీ పక్కింట్లో ఉంటే, ఆ సాయంత్రమే వెళ్లి ఆ తల్లితో మాట్లాడండి.